ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం: మూడు సబ్జెక్టులనూ ఒకేసారి ఎలా నిలబెట్టుకోవాలి?

దేవరకొండ విద్యార్థిని (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను దక్షిణ తెలంగాణలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మాది దేవరకొండ వైపు ఒక తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడతాం. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. గురుకులంలో బైపీసీ ఇంగ్లీషులో పూర్తి చేసి, ఆపైన లాంగ్ టర్మ్ తీసుకుని నీట్ రాసి సీటు తెచ్చుకున్నాను. మా ఇంట్లో నాకంటే ముందు కళాశాల గడప తొక్కినవాళ్లు లేరు కాబట్టి ఈ సంగతి అక్కడ ఎవరినీ అడగలేను. ఈ దారిన నడిచిన అన్నలు, అక్కలు, పాఠాలు చెప్పే సార్లు, మేడమ్‌లు ఇక్కడ ఉన్నారని తెలిసి రాస్తున్నాను.

నీట్‌కు చదివేటప్పుడు 180 ప్రశ్నలు, ప్రతి ప్రశ్న కింద నాలుగు జవాబులు. పాఠ్యపుస్తకంలో వాక్యం వాక్యం పట్టి చదివితే సరైన జవాబును గుర్తుపట్టగలిగేదాన్ని. ఇక్కడ ఎదురుగా తెల్ల కాగితం ఉంటుంది. బొమ్మ వేయాలి, పేర్లు పెట్టాలి, పేజీల కొద్దీ రాయాలి. వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, ఎముక చేతికిచ్చి చెప్పమంటారు. చదివినది లోపల ఉన్నట్టే ఉంటుంది కానీ బయటకు రాదు.

ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా లెక్చర్లు, డిసెక్షన్ (మృతదేహాన్ని కోసి భాగాలు చూడడం), ప్రాక్టికల్స్ జరుగుతాయి. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ మూడూ ఒకే వేగంతో ముందుకు పోతుంటాయి. వీటికి తోడు కమ్యూనిటీ మెడిసిన్ తరగతులు, కుటుంబ దత్తత కార్యక్రమం కింద గ్రామ సందర్శనలు, లాగ్ బుక్కు, రికార్డులు ఉన్నాయి. అనాటమీ అన్నిటికంటే పెద్దది కాబట్టి రోజూ సాయంత్రం దానితోనే మొదలుపెడుతున్నాను, రాత్రి అయ్యేసరికి దానితోనే ముగుస్తోంది. అంత సమయం పెట్టినా చేతి భాగం పూర్తయి ఛాతీ మొదలయ్యేసరికి బ్రేకియల్ ప్లెక్సస్ (మెడ నుంచి చేతికి వెళ్లే నాడుల అల్లిక) మరిచిపోయాను. కళాశాలలో పెట్టే మొదటి ఇంటర్నల్ పరీక్షలో అనాటమీ గట్టెక్కింది, మిగిలిన రెండింటిలో సగం మార్కులు కూడా రాలేదు.

సమయాన్ని మూడింటికీ ఎలా పంచుకోవాలి? పెద్ద పుస్తకాలు చదవాలా, సీనియర్ల నోట్సు సరిపోతుందా? ఇంగ్లీషులో జవాబు రాయడం ఎలా అలవాటు చేసుకోవాలి? దయచేసి చెప్పగలరు.

పాలమూరు ఫైనల్ ఇయర్ (జవాబు)

చెల్లెమ్మా, నువ్వు రాసినది చదువుతుంటే మా బ్యాచ్‌లో సగం మంది పరిస్థితి కళ్లముందు మెదిలింది. నేను మహబూబ్‌నగర్ జిల్లావాణ్ణి, ఇప్పుడు ఫైనల్ ఇయర్‌లో ఉన్నాను. సాయంత్రం వేళను ఎలా పంచుకోవాలని నువ్వు అడిగావు, కానీ నీ చేతిలో ఉన్న పెద్ద నిధి తొమ్మిది నుంచి నాలుగు దాకా ఉన్న ఆ ఏడు గంటలే. ఆ సమయంలో ఏమీ ఎక్కకుండా హాస్టల్‌కు వచ్చి మళ్లీ మొదటి నుంచి చదవాలనుకుంటే ఎంత రాత్రి మేలుకున్నా చాలదు.

డిసెక్షన్ సంగతే తీసుకో. రేపు చంక భాగం తెరుస్తారని తెలిస్తే, ఈ రాత్రి అరగంట సేపు ఆ భాగపు బొమ్మలు మాత్రం చూసి పడుకో. ఏ నాడి ఎక్కడి నుంచి వస్తుందో, ఏ ధమనికి ఏ పక్కన ఉంటుందో తల్లో ఒక చిత్రం ఉండాలి. అప్పుడు టేబుల్ దగ్గర నిలబడినప్పుడు నువ్వు వెతుకుతావు, దొరికినప్పుడు అది నీదవుతుంది. ఏమీ చూడకుండా వెళితే ముందు నిలబడినవాళ్ల భుజాల మీదుగా తొంగిచూసి, ఫార్మలిన్ ఘాటుకు కళ్లు తుడుచుకుని తిరిగి రావడమే మిగులుతుంది. టేబుల్ దగ్గర ముందు వరుసలో నిలబడడానికి మొహమాటపడవద్దు. ఊళ్ల నుంచి వచ్చిన మన పిల్లలు వెనక నిలబడడం నేను ఏటా చూస్తున్నాను, అది నాకు బాధ కలిగిస్తుంది.

బ్రేకియల్ ప్లెక్సస్ మరిచిపోవడం గురించి చెబుతాను. మెడ నాడులు సి5 నుంచి సి8 దాకా, ఛాతీ నాడి టి1తో కలిపి అయిదు వేర్లు, మూడు ట్రంకులు, వాటి విభజనలు, మూడు కార్డులు, చివరికి కొమ్మలు. దీన్ని చదివి గుర్తుపెట్టుకున్నవాళ్లను నేను చూడలేదు, వేసి గుర్తుపెట్టుకున్నవాళ్లనే చూశాను. పుస్తకం మూసి తెల్ల కాగితం మీద గీయాలి, తప్పిన చోట ఎర్ర పెన్నుతో దిద్దాలి, మర్నాడు మళ్లీ గీయాలి, మూడు రోజులాగి మళ్లీ, వారమాగి మళ్లీ గీయాలి. మధ్యలో విరామం పెరుగుతూ పోవడంలోనే ఉంది దాని బలం. మొదట్లో పావుగంట పట్టే బొమ్మ తరువాత రెండు నిమిషాల్లో వస్తుంది. ఛాతీ మొదలైందని చేతిని పూర్తిగా వదిలేయకుండా, రోజూ పాత భాగం నుంచి ఒక్క బొమ్మ వేయి, చాలు.

ఇంకొక మాట. రోగిని తలచుకుని చదివితే మరపు తగ్గుతుంది. 65వ నంబరు జాతీయ రహదారి మీద బండి మీంచి పడి, మెడ ఒక పక్కకు, భుజం ఒక పక్కకు లాగినట్టయి వచ్చేవాళ్లను నువ్వు రేపు క్యాజువాలిటీలో చూస్తావు. సి5, సి6 వేర్లు దెబ్బతిన్నవాడి చెయ్యి పక్కకు వేలాడుతూ, మోచేయి చాచుకుని, అరచేయి వెనక్కి తిరిగి ఉంటుంది. ఏ కండరం పనిచేయకపోతే ఆ చెయ్యి ఆ రూపంలోకి వచ్చిందో ఒక్కొక్కటిగా చెప్పగలిగితే సగం ప్లెక్సస్ వచ్చినట్టే. హ్యూమరస్ (పై చేయి ఎముక) మధ్యలో విరిగినవాడికి మణికట్టు ఎందుకు వాలిపోతుందో చెప్పగలిగితే రేడియల్ నెర్వ్ వచ్చినట్టే.

ఇక సమయం విషయం. నాలుగింటికి వచ్చాక గంట సేపు పుస్తకం ముట్టుకోవద్దు. స్నానం చేసి కాస్త నడువు. ఆరు నుంచి భోజనం దాకా ఆ రోజు తరగతిలో చెప్పినది, భోజనం తరువాత రేపటి డిసెక్షన్ బొమ్మలు, పాతదాని నుంచి ఒక బొమ్మ. రోజు మార్చి రోజు అనాటమీ, ఫిజియాలజీ పెట్టుకో. బయోకెమిస్ట్రీని నేను ఆదివారాలకు వదిలేసి చదివాను, నాకు అది సరిపోయింది. చిన్న నోట్సు, పాత ప్రశ్నపత్రాలు దానికి చాలు అని నా అభిప్రాయం.

ఫిజియాలజీ బోధకురాలు (జవాబు)

నేను ఒక వైద్య కళాశాలలో ఫిజియాలజీ బోధిస్తున్నాను. పై జవాబులో డిసెక్షన్ గురించి, బొమ్మల గురించి చెప్పినదంతా బంగారం లాంటి సలహా. బయోకెమిస్ట్రీని ఆదివారాలకు వదిలేయడం మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది, దానికి కారణం చెబుతాను.

2019లో మన దేశంలో సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక వచ్చినప్పుడు అనాటమీకి 675 గంటలు, ఫిజియాలజీకి 495, బయోకెమిస్ట్రీకి 250 గంటలు కేటాయించారు. మార్కుల దగ్గరికి వస్తే మూడూ సమానం: ఒక్కొక్క సబ్జెక్టుకు 100 మార్కుల చొప్పున రెండు థియరీ పేపర్లు, ప్రాక్టికల్, వైవా కలిపి మరో 100. అంటే అనాటమీకి కేటాయించిన గంటల్లో సగం కూడా లేని సబ్జెక్టు దానితో సమానమైన మార్కులు మోస్తోంది. అనాటమీకి తరగతిలోనే ఎక్కువ గంటలు దొరుకుతున్నాయి, మృతదేహం ముందు నిలబడి నేర్చుకునే అవకాశం ఉంది. బయోకెమిస్ట్రీకి తరగతిలో దొరికేది తక్కువ కాబట్టి గదిలో దానికి కొంచెం ఎక్కువ ఇవ్వాలి. విద్యార్థులు సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. తరగతిలో ఎక్కువ దొరికినదానికే రాత్రి కూడా ఎక్కువ ఇస్తారు, ఫలితంగా అనాటమీ గట్టెక్కుతుంది, మిగిలిన రెండూ మునుగుతాయి. మీ ఇంటర్నల్ మార్కులు అదే చెబుతున్నాయి.

పైగా బయోకెమిస్ట్రీ ఒక్కరోజున కూర్చుని మింగగలిగిన విషయం కాదు. కణం గ్లూకోజును విడగొట్టే గ్లైకాలసిస్‌లో ఒక మెట్టు నిన్న అర్థమైతే తప్ప ఈరోజు సిట్రిక్ ఆమ్ల చక్రంలో అడుగు పడదు. రోజూ నలభై అయిదు నిమిషాలు ఇవ్వండి. ఒక చక్రాన్ని తీసుకుని ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ శక్తి పుడుతుంది, ఏ ఎంజైము దగ్గర వేగం అదుపు అవుతుంది, ఆ ఎంజైము లోపిస్తే బిడ్డకు ఏమవుతుంది అనే నాలుగు విషయాలు పుస్తకం చూడకుండా రాయగలిగితే ఆ పాఠం అయినట్టు. మధ్యలోని ప్రతి అణువు నిర్మాణాన్నీ బట్టీ పట్టవలసిన పనిలేదు.

మూడు సబ్జెక్టులను మూడు వేరు వేరు గదుల్లా చూడకండి. మన జిల్లాల నుంచే ఒక ఉదాహరణ ఇస్తాను. మర్రిగూడ, మునుగోడు వైపు గ్రామ సందర్శనకు వెళ్లిన విద్యార్థులు పళ్ల మీద గోధుమరంగు మచ్చలున్నవాళ్లను, నడుము బిగుసుకుపోయిన పెద్దవాళ్లను చూసి వస్తారు. ఆ ఒక్క ఫ్లోరోసిస్ దగ్గర కూర్చుంటే మీ మొదటి సంవత్సరంలో పెద్ద భాగం దాని చుట్టూ అల్లుకుంటుంది. ఎముకలోని హైడ్రాక్సీ అపటైటు అనే ఖనిజంలో హైడ్రాక్సిల్ స్థానంలో ఫ్లోరైడు చేరి ఫ్లోరపటైటు అవుతుంది, ఇది బయోకెమిస్ట్రీ. వెన్నుపూసల మధ్య లిగమెంట్లు గట్టిపడి వెన్నుపామును ఒత్తితే కాళ్లలో బలం ఎందుకు తగ్గుతుంది, ఏ మార్గాలు దెబ్బతింటాయి అన్నది అనాటమీ. కాల్షియంను పారాథార్మోన్, విటమిన్ డి, కాల్సిటోనిన్ ఎలా అదుపులో పెడతాయన్నది ఫిజియాలజీ. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి ఈ నేల పేరే పెట్టి నల్గొండ టెక్నిక్ అంటారు; నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ దాన్ని రూపొందించింది. ఇది కమ్యూనిటీ మెడిసిన్. అదే ఫ్లోరైడు గ్లైకాలసిస్‌లో ఈనోలేజ్ అనే ఎంజైమును ఆపుతుంది. చక్కెర పరీక్షకు రక్తం తీసేటప్పుడు బూడిదరంగు మూత ఉన్న గొట్టంలో సోడియం ఫ్లోరైడు ఉండడానికి కారణం అదే, లేకపోతే పరీక్ష జరిగేలోపు రక్తకణాలే ఆ చక్కెరను వాడేసుకుంటాయి. ఇంత అల్లికను నేను పాఠంగా చెబితే మరిచిపోతారు, మీరు స్వయంగా కాగితం మీద అల్లుకుంటే మరిచిపోరు. గుండె దగ్గర, కాలేయం దగ్గర, మూత్రపిండం దగ్గర కూడా ఇలాంటి కాగితం ఒకటి తయారు చేసుకోండి.

ఇక నా సబ్జెక్టు గురించి. ఫిజియాలజీలో పేజీలు చదివినవారికంటే గ్రాఫు వేసినవారు బాగా రాస్తారు. హృదయ స్పందన నిమిషానికి 75 ఉన్నప్పుడు ఒక కార్డియాక్ సైకిల్ 0.8 సెకన్లు, అందులో జఠరికల సిస్టోల్ (సంకోచం) సుమారు 0.3, డయాస్టోల్ (సడలింపు) 0.5. ఈ 0.8 సెకన్లను అడ్డంగా గీసి, దాని మీద పీడనం, ఘనపరిమాణం, ఈసీజీ, గుండె శబ్దాలు నాలుగూ ఒకదాని కింద ఒకటి వేయండి. ఎడమ జఠరిక గోడకు రక్తం ముఖ్యంగా డయాస్టోల్‌లోనే అందుతుందని, గుండె వేగం పెరిగినప్పుడు డయాస్టోలే ఎక్కువగా కుదించుకుపోతుందని ఆ బొమ్మ మీద చూస్తే, రేపు రోగి ఛాతీ నొప్పి ఎందుకు పెరిగిందో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు.

పుస్తకమా, నోట్సా అని అడిగారు. అర్థం చేసుకోవడానికి పుస్తకం, తిరగేసుకోవడానికి మీరు రాసుకున్న నోట్సు. ఇతరుల నోట్సు వారి తల్లో ఉన్నదానికి గుర్తు మాత్రమే. మీ తల్లో ముందు ఏదైనా ఉండాలి కదా. పాత ప్రశ్నపత్రాలు తప్పక చూడండి, కానీ పాఠం అయిన తరువాత చూడండి.

హాజరు విషయంలో అజాగ్రత్త వద్దు. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఇంటర్నల్ మార్కులు, లాగ్ బుక్కు కూడా అర్హతలో భాగమే కాబట్టి, తక్కువ వచ్చిన రెండు సబ్జెక్టుల విభాగాలకు వెళ్లి జవాబుపత్రాలు చూపించమని అడగండి. అడిగిన విద్యార్థిని మేము తక్కువగా చూడం. ఏ ప్రశ్నకు ఎందుకు మార్కులు పోయాయో తెలుసుకోకుండా రెండో ఇంటర్నల్‌కు చదివితే అవే మార్కులు మళ్లీ పోతాయి.

అచ్చంపేట హౌస్ సర్జన్ (జవాబు)

నేను కూడా తెలుగు మాధ్యమం నుంచి వచ్చినదాన్నే, చెల్లీ. ఇప్పుడు హౌస్ సర్జన్‌గా పనిచేస్తున్నాను. మిగతావి పైన ఇద్దరూ చెప్పారు కాబట్టి ఇంగ్లీషులో రాయడం గురించి మాత్రమే చెబుతాను.

ముందు నీ భాషలో ఆలోచించడానికి సిగ్గుపడవద్దు. తరగతి అయిన సాయంత్రం ఆ పాఠాన్ని పక్క మంచం మీది స్నేహితురాలికి తెలుగులో చెప్పు, లంబాడీ వచ్చిన అమ్మాయి దొరికితే లంబాడీలోనే చెప్పు. ఎక్కడ మాట ఆగిపోయిందో అక్కడ నీకు అర్థం కాలేదని తెలుస్తుంది, పుస్తకం తెరిచి అంతవరకే చూడు. అలా నోటితో చెప్పగలిగిన తరువాతే ఇంగ్లీషులో రాయడానికి కూర్చో. విషయం రాకముందే ఇంగ్లీషు వాక్యాలు బట్టీ పడితే పరీక్షలో ఒక వాక్యం జారిపోగానే జవాబంతా జారిపోతుంది.

రాసేటప్పుడు పొడవైన వాక్యాలకు పోవద్దు. అనాటమీ జవాబులన్నీ తిప్పి తిప్పి కొన్ని క్రియల మీదే నడుస్తాయి. ఒక కండరం గురించి రాయాలంటే ‘అరైజెస్ ఫ్రమ్’, ‘ఈజ్ ఇన్సర్టెడ్ ఇంటు’, ‘ఈజ్ సప్లైడ్ బై’. ఒక ధమని గురించి అయితే ‘బిగిన్స్ యాజ్’, ‘పాసెస్ బిహైండ్’, ‘గివ్స్ ఆఫ్’. సిర అయితే ‘డ్రెయిన్స్ ఇంటు’. ఈ మాటలు చేతికి వస్తే పేర్లు మార్చుకుంటూ ఎన్ని జవాబులైనా రాయవచ్చు. పరీక్షకులు వెతికేది విషయం, వరుస, బొమ్మ. ప్రతి జవాబుకూ బొమ్మ వేయి, అది పెద్దదిగా ఉండాలి, పేర్లన్నీ ఒకే పక్కన గీతలు లాగి రాయాలి. హిస్టాలజీ (కణజాలాల) స్లైడ్లకు గులాబీ, ఊదా రంగు పెన్సిళ్లు ఎప్పుడూ దగ్గర ఉంచుకో.

మూడు గంటల్లో 100 మార్కులు అంటే మార్కుకు రెండు నిమిషాలు కూడా లేవు. పది మార్కుల ప్రశ్నకు పద్దెనిమిది నిమిషాలు, అయిదు మార్కులకు తొమ్మిది. వారానికి ఒకసారి గడియారం ఎదురుగా పెట్టుకుని ఒక పెద్ద ప్రశ్న, రెండు చిన్న ప్రశ్నలు రాసి చూడు. చాలామందికి పరీక్షలో ఆఖరి ప్రశ్నలు మిగిలిపోయేది చదవక కాదు, మొదటి ప్రశ్న మీద అరగంట కూర్చోవడం వల్ల.

వైవాకు ఎముక చేతిలోకి తీసుకోగానే దాన్ని శరీరంలో ఉన్న భంగిమలో పట్టుకుని ఏ పక్కదో చెప్పడం మొదటి పని. హ్యూమరస్ అయితే తల పైకి, లోపలికి, కాస్త వెనక్కి చూస్తుంది. సీనియర్ల దగ్గర బోన్ సెట్ తీసుకుని, ప్రతి ఎముకనూ ఇలా పట్టుకుని, గట్టిగా చెప్పుకుంటూ అద్దం ముందు సాధన చేయి. జవాబు తెలియనప్పుడు మౌనంగా నిలబడవద్దు, తెలిసినంతవరకు చెప్పి అక్కడ ఆపు. మౌనం చూసి మార్కులు వేయడం ఏ పరీక్షకుడికైనా కష్టం.

దేవరకొండ విద్యార్థిని

మేడమ్‌కు, అన్నకు, అక్కకు కృతజ్ఞతలు. బయోకెమిస్ట్రీ గంటలు, మార్కుల లెక్క నాకు ఇంతవరకు తట్టలేదు. రేపటి నుంచే రోజూ ముప్పావుగంట దానికి ఇస్తాను. ఇంకొక్క సందేహం ఉంది. సాయంత్రం ఆరు దాటితే నాకు విపరీతమైన అలసట, నిద్ర వస్తోంది. దాన్ని ఆపుకోవడానికి టీ తాగి రాత్రి రెండు దాకా కూర్చుంటే మర్నాడు లెక్చర్‌లో తూలుతున్నాను. తోటివాళ్లు రాత్రంతా చదువుతున్నట్టు కనిపిస్తుంటే పడుకోవడానికి మనసు ఒప్పుకోవడం లేదు. దీనికి ఏం చేయాలి?

వైద్యాధికారి, నారాయణపేట జిల్లా (జవాబు)

అమ్మా, ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే డాక్టరుగా నీ చివరి ప్రశ్నకు మాత్రం జవాబిస్తాను. రాత్రి రెండు దాకా కూర్చుని మర్నాడు లెక్చర్‌లో తూలితే, నువ్వు రాత్రి సంపాదించిన రెండు గంటల కోసం పగలు ఏడు గంటలు పోగొట్టుకున్నట్టు. పగలు నేర్చుకున్నది మెదడులో స్థిరపడేది నిద్రలోనే అని నీ ఫిజియాలజీ పాఠాల్లోనే వస్తుంది. పదకొండున్నరకు పడుకో, ఆరింటికి లే. తోటివాళ్ల గదిలో లైటు వెలగడం చూసి నీ చదువును కొలుచుకోవద్దు. సాయంత్రం అయిదు తరువాత టీ మానేయి.

రెండో సంగతి దీనికంటే ముఖ్యం. ఫిజియాలజీ ప్రాక్టికల్స్‌లో హీమోగ్లోబిన్ పరీక్షను మీ రక్తంతోనే చేస్తారు కదా, నీ రికార్డులో ఎంత వచ్చిందో ఒకసారి చూసుకో. ఆడవాళ్లలో డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే దాన్ని రక్తహీనతగా లెక్కిస్తారు. మన పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లల్లో ఇది చాలా సాధారణం, వారు ఆ అలసటను బద్ధకమని తమను తామే నిందించుకోవడం ఇంకా సాధారణం. విద్యార్థుల ప్రాక్టికల్‌లో లెక్క కాస్త అటూ ఇటూ రావచ్చు కాబట్టి, మీ కళాశాల ఆసుపత్రిలోనే ఓపీ చీటీ తీసుకుని సరైన పరీక్ష చేయించుకో. అవసరమైతే థైరాయిడ్ కూడా చూస్తారు. మందులు సొంతంగా మొదలుపెట్టవద్దు. హాస్టల్ మెస్‌లో ఉదయం టిఫిన్ మానేసి తరగతికి పరుగెత్తే అలవాటు ఉంటే ఈరోజే ఆపు.

అలసటతో పాటు దేని మీదా మనసు నిలవకపోవడం, ఏడుపు రావడం, ఇక నావల్ల కాదనిపించడం వంటివి ఉంటే వెంటనే మీ మెంటార్‌గా ఉన్న అధ్యాపకులతో మాట్లాడు. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్న టెలీ మానస్ మానసిక ఆరోగ్య సహాయవాణి 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, అక్కడ తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. డాక్టరు కాబోయేవాళ్లు ఆ నంబరుకు ఫోను చేయకూడదనే ఆలోచన మన హాస్టళ్లలో ఉంది, దాన్ని నువ్వు దగ్గరికి రానివ్వకు.

పాలమూరు ఫైనల్ ఇయర్

మేడమ్, మీరు చెప్పిన లెక్క చూశాక బయోకెమిస్ట్రీ విషయంలో నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. ఆదివారాల పద్ధతి నాకు నడిచింది, కారణం మా గదిలో ఒకడు రోజూ ఆ సబ్జెక్టు గట్టిగా చదువుతుంటే నేను వింటూ ఉండేవాణ్ణి. ఆ సౌకర్యం అందరికీ ఉండదు.

చెల్లెమ్మా, రెండో ఇంటర్నల్‌కు పోయిన పాఠాలను ఎలా అందుకోవాలో కూడా చెప్పి ముగిస్తాను. వెనకబడినదంతా పూర్తి చేసి తరువాత ఇప్పటి పాఠం అందుకుందామనుకుంటే రెండూ అందవు. ఈరోజు తరగతిలో జరిగేదాన్ని ఈరోజే పట్టుకో, వెనకటిది శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా మాత్రమే చదువు. ఆ సమయంలో ముందుగా ఫిజియాలజీలో నాడి, కండరం, రక్తం తీసుకో. మిగిలిన పాఠాలన్నీ వాటి మీద నిలబడతాయి, చిన్న ప్రశ్నలు కూడా వాటి నుంచి ఎక్కువగా వస్తాయి. బయోకెమిస్ట్రీలో ఎంజైములు, కార్బోహైడ్రేట్ల జీవక్రియ మొదట, విటమిన్లు తరువాత. అనాటమీలో చేయి మొత్తం మళ్లీ చదవకుండా చంక, బ్రేకియల్ ప్లెక్సస్, మోచేతి ముందు గుంట, అరచేయి ఈ నాలుగింటి బొమ్మలు వేసుకో. ఎంబ్రియాలజీని (పిండంలో అవయవాలు ఏర్పడే తీరు) ఆఖరి నెలకు వాయిదా వేయకు; గుండె డిసెక్షన్ జరిగే వారంలోనే గుండె ఎలా ఏర్పడుతుందో చదివితే గుండె పై గదుల మధ్య గోడ అయిన ఇంటర్ ఏట్రియల్ సెప్టమ్‌లోని ఫోసా ఒవాలిస్ అనే గుంటను చేత్తో తాకుతూ అర్థం చేసుకోవచ్చు. ఆదివారం మధ్యాహ్నం తరువాత పుస్తకం మూసేసి ఇంటికి ఫోను చేయి, బట్టలు ఉతుక్కో, రికార్డులు రాసుకో. మహబూబ్‌నగర్ వైపు ఎప్పుడైనా వస్తే నా పాత ఎర్ర పెన్ను బొమ్మల కట్ట ఉంది, ఇస్తాను. అయితే వాటిని చూసి రాయకుండా, నువ్వు వేసినవాటితో పోల్చుకోవడానికి మాత్రమే వాడు.